తెల్లవారి 4.35కి మొదటి బంతి: బేస్‌బాల్ అభిమానుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా టీమ్ న్యూయార్క్ యాంకీస్. ఆట ఒకరోజు తెల్లవారుజామున, ఒకరోజు ఆఫీసు వేళకి, ఇంకోసారి అర్ధరాత్రి. నిద్ర చెడుతోంది. దీనికో పద్ధతి ఉందా?
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: ఉంది. ముందు గడియారం లెక్క చూడండి. సీజన్ నడిచే నెలల్లో న్యూయార్క్‌కీ మనకీ తేడా తొమ్మిదిన్నర గంటలు. అక్కడ రాత్రి 7.05 అంటే మనకి తెల్లవారి 4.35. టీమ్ పశ్చిమ తీరానికి వెళ్తే తేడా పన్నెండున్నర అవుతుంది. అక్కడి 7.10 ఆట మనకి పొద్దున 7.40కి, సరిగ్గా మీరు బండి తీసే వేళకి మొదలవుతుంది. ఆదివారం మధ్యాహ్నం 1.35 ఆట మాత్రం మనకి అదే రాత్రి 11.05కి వస్తుంది.

సీజన్లో 162 ఆటలు. అన్నిటికీ లేస్తే మే నెలకే మంచం పడతారు. వారానికి రెండు చాలు: ఆదివారం రాత్రిది ఒకటి, మీకు నచ్చిన పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) వేసేది ఒకటి. ఆట మొదలుపెట్టే స్టార్టింగ్ పిచ్చర్ వంతు ఐదారు రోజులకోసారి వస్తుంది కాబట్టి అలారం ఏ రోజు పెట్టాలో ముందే తెలుస్తుంది. 2023లో పిచ్ క్లాక్ (బంతి బంతికీ మధ్య సమయం కొలిచే గడియారం) పెట్టాక సగటు ఆట 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40 నిమిషాలకి దిగింది. అంటే 4.35 ఆట ఏడుంబావుకి అయిపోతుంది, రెండో కాఫీకి టైముంటుంది.

మిగతావి రికార్డింగ్‌లో చూడండి. నోటిఫికేషన్లు ఆపేసి, యాప్‌లో స్కోర్లు దాచే సెట్టింగ్ పెట్టుకోండి. వీడియో నిడివి మాత్రం చూడొద్దు. నాలుగు గంటలుంటే ఆట అదనపు ఇన్నింగ్స్‌కి వెళ్ళిందని అక్కడే తెలిసిపోతుంది.

అక్టోబరు సంగతి వేరు. రెగ్యులర్ సీజన్లో ఆట తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలకపోతే, పదో ఇన్నింగ్స్ నుంచి రెండో బేస్‌లో (పరుగు పూర్తికావడానికి వరసగా తాకాల్సిన నాలుగు మజిలీల్లో రెండోది) రన్నర్‌ని ఉంచి మొదలుపెడతారు, అక్టోబరులో జరిగే ప్లేఆఫ్స్‌లో, అంటే టైటిల్ తేల్చే ఆటల్లో, ఆ సదుపాయం లేదు. 2018లోనూ 2025లోనూ చివరి పోరు వరల్డ్ సిరీస్‌లో మూడో ఆట 18 ఇన్నింగ్స్ సాగింది. ఆ రోజుల్లో పొద్దున పదింటికి మీటింగ్ ఒప్పుకోకండి.

ప్రశ్న: ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా గెలుస్తాం, తొమ్మిదిలో పోగొడతాం. చివర్లో వచ్చే ఆ పిచ్చర్ని తిట్టడం న్యాయమేనా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: తిట్టండి, కానీ రెండు చూశాక. నిన్నా మొన్నా కూడా అతనే వేశాడా? వేస్తే చెయ్యి అలిసి ఉంటుంది. గంటకి 97 మైళ్ళ బంతి 95కి దిగిందంటే తప్పు మేనేజర్‌ది. రెండోది, మొదటి బ్యాటర్‌కి నాలుగు బాల్స్, అంటే గురి తప్పిన బంతులు, వేసి ఊరికే బేస్ ఇచ్చాడా? అయితే పూర్తిగా అతనిదే, మొహమాటపడక్కర్లేదు.

వన్డేల్లో బంతులు అయిపోతే ఆట అయిపోతుంది. ఇక్కడ బంతులకి లెక్కే లేదు, ఇన్నింగ్స్‌కి మూడు చొప్పున తొమ్మిది ఇన్నింగ్స్‌కి 27, ఆ 27వ అవుట్ తీసి తీరాలి. ఆధిక్యం ఎంతున్నా కాలక్షేపం చేసి గట్టెక్కే దారి లేదు. 2001లో 116 ఆటలు గెలిచిన సియాటిల్ మారినర్స్ కూడా 46 ఓడింది.

ప్రశ్న: స్కోర్ షీట్ రాయడం నేర్చుకుంటున్నాను. 6-4-3 అంటే ఏమిటి?
– ఒక విద్యార్థి, అన్నానగర్

జవాబు: ఇవి ఫీల్డర్ల స్థానాల నంబర్లు, జెర్సీ మీదవి కావు. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, అవుట్‌ఫీల్డ్ ఎడమ నుంచి కుడికి 7, 8, 9. షార్ట్‌స్టాప్ నిలబడేది సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య అయినా నంబరు 6 అని గుర్తుంచుకోండి, కొత్తవాళ్ళందరూ అక్కడే తడబడతారు.

ఫస్ట్ బేస్‌లో రన్నర్ ఉన్నాడు, బంతి నేలమీద షార్ట్‌స్టాప్‌కి వెళ్ళింది. అతను సెకండ్ బేస్‌మన్‌కి విసిరాడు, రన్నర్ అవుట్: ఆ రన్నర్ గడిలో 6-4. అక్కడి నుంచి బంతి ఫస్ట్‌కి చేరింది, బ్యాటరూ అవుట్: అతని గడిలో 6-4-3. స్ట్రైకవుట్‌కి, అంటే మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ అవుటైతే, ఇంగ్లీషు కె రాస్తారు, బ్యాట్ ఊపకుండా చూస్తూ అవుటైతే ఆ అక్షరాన్నే అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాస్తారు. పెన్ను వద్దు, పెన్సిల్ వాడండి. బ్యాటర్ ఘనతగా రాసిన హిట్ కాసేపటికి ఎర్రర్‌గా, అంటే ఫీల్డర్ తప్పుగా, మారుతుంటుంది.

ప్రశ్న: అమెరికా నుంచి తెప్పించుకున్న గ్లౌజుకి బూజు పట్టింది. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, తిరువాన్మియూర్

జవాబు: సముద్రపు గాలికి తోలు తేమ పీలుస్తుంది. పొడిగుడ్డతో బూజు తుడిచి, నీడలో ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఎండలో పెడితే తోలు పగులుతుంది. కొబ్బరినూనె పట్టించకండి, గ్లౌజు బరువెక్కి మెత్తబడిపోతుంది. తోలు కండిషనర్ ఒక్క చుక్క చాలు. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెట్టొద్దు. లోపల ఒక బంతి ఉంచి గుడ్డ సంచిలో పెట్టండి. క్రికెట్ బంతి పెట్టినా పరవాలేదు గానీ దాంతో క్యాచ్‌లు ప్రాక్టీసు చెయ్యకండి. బేస్‌బాల్ 142 నుంచి 149 గ్రాములైతే, అది 156కి తగ్గదు.