మాస్టారి జవాబులు: కృష్ణుడికి గొంతు మారింది

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి తొమ్మిదో తరగతి. ఆరో తరగతి నుంచీ బడి వార్షికోత్సవంలో కృష్ణుడి వేషం వాడిదే. ఈసారి పద్యం ఎత్తుకుని పైకి వెళ్లగానే గొంతు కీచుమంది. పిల్లలంతా గొల్లున నవ్వారు. అప్పటినుంచి ఇంట్లో కూనిరాగం కూడా తీయడం లేదు. ఇక పాట మాన్పించెయ్యమని బడిలో సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు ఒకటి అడుగుతాను తల్లీ, హార్మోనియం ఎన్నో శ్రుతిలో పెట్టారు? (శ్రుతి అంటే పాటకు ‘స’గా ఎంచుకునే మెట్టు, అంకె పెరిగేకొద్దీ పైకి పోతుంది.) మీరు రాయలేదు గానీ నిరుడు పెట్టిన అయిదు శ్రుతిలోనే పెట్టి ఉంటారని నా అనుమానం. ఆరు, ఏడు తరగతుల్లో ఆడపిల్లలకైనా మగపిల్లలకైనా అయిదు, అయిదున్నర హాయిగా నప్పుతుంది. ఆ తర్వాత మగపిల్లల స్వరపేటిక ఒక్కసారిగా పెరుగుతుంది. లోపలి స్వరతంత్రులు పొడవై, మందమవుతాయి. గొంతు ఇంచుమించు ఒక స్థాయి, అంటే పై ‘స’ నుంచి కింది ‘స’ దాకా ఉన్నంత, కిందికి దిగి, చివరికి ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల దగ్గర ఎక్కడో కుదురుకుంటుంది. దానికి కొందరికి కొన్ని నెలలు పడితే, కొందరికి ఏడాది దాటుతుంది. ఈలోగా పాత శ్రుతిలో పాడమంటే, నిరుటి చొక్కా తొడిగి గుండీలు పెట్టుకోమన్నట్టే. నవ్వాల్సింది పిల్లవాణ్ణి చూసి కాదు, హార్మోనియం పెట్టె ముందు కూర్చున్న పెద్దమనిషిని చూసి.

ఆ పెద్దమనిషి స్థానంలో నేనూ కూర్చున్నాను కాబట్టే ఇంత చనువుగా అంటున్నాను. ముప్పై ఒక్కేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు చెప్పాను. నేను పనిచేసిన ఏ బడిలోనూ సంగీతం మాస్టారు లేరు. కాలి హార్మోనియం మీద నాలుగు రాగాలు పలికించగలను కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. ఒక ఏడాది బలిజేపల్లి వారి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను వేయించాను. (అందులో నటులు పాడే జాషువా పద్యాలు అసలు నాటకంలోవి కావు, తర్వాత చేర్చుకున్నవి. పిల్లలకు ఇది తప్పకుండా చెప్పేవాణ్ణి.) హరిశ్చంద్రుడు పదో తరగతి పిల్లవాడు, బంగారం లాంటి గొంతు. రిహార్సల్లో మూడు రోజులు వరసగా ఒకే చోట స్వరం జారిపోతుంటే, సాధన చేయడం లేదని నలుగురిలో కేకలేశాను. వాడు మాట్లాడలేదు. నాలుగో రోజు నా దగ్గరికొచ్చి, ‘మాస్టారూ, వీరబాహుకు రాగం అక్కర్లేదు కదండీ’ అన్నాడు. కాటికి యజమాని అయిన వీరబాహు వేషంలో కల్లుకుండ చంకన పెట్టుకుని వాడు వేసిన మొదటి కేకకు సైకిళ్ల షెడ్డు రేకులు అదిరాయి. అంత బరువైన గొంతు వాడికి వచ్చేసిందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ కేక విన్నాక ఇంటికెళ్లి నన్ను నేను తిట్టుకున్నాను.

మీవాడికి పాట మాన్పించకండి. పేరు, ఊరు మామూలుగా చెప్పమనండి. ఆ మాట పలికే స్వరం హార్మోనియం మీద ఎక్కడుందో పట్టుకుని, దానికి రెండు మూడు మెట్లు పైన ఉన్న దాన్ని ‘స’గా పెట్టండి. పొద్దున పది నిమిషాలు, మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు (సంగీతంలో మొదటి పాఠాలు), నెమ్మదిగా. పై ‘స’ అందకపోతే వదిలేయమనండి. మంద్ర పంచమం, అంటే కింది స్థాయి ‘ప’, తాకి చూడమనండి, నిరుడు అక్కడ వాడికి గాలి తప్ప ఏమీ వచ్చి ఉండదు. నెలకోసారి శ్రుతి మళ్లీ సరిచూడండి. అరిచి మాత్రం పాడనివ్వకండి. మాట్లాడేటప్పుడు కూడా వారాల తరబడి బొంగురు పోతుంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి. వచ్చే ఏడాది కృష్ణుడి వేషం ఇంకెవరికైనా ఇచ్చి, మీవాడికి దుర్యోధనుడి వేషం ఇవ్వమని అడగండి. రాజసం ఇప్పుడే పలుకుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి సీబీఎస్ఈలో ఎనిమిది పూర్తిచేశాడు. మృదంగం నేర్చుకుంటున్నాడు. చదువు కోసం ఆపించాలా?
– ఒక తండ్రి, హైదరాబాదు

జవాబు: ఆపించడం దేనికండీ? ఆ బోర్డులో తొమ్మిది, పది తరగతులకు కర్ణాటక తాళవాద్యం ఒక సబ్జెక్టు, కోడ్ 033. బడిలో ఆ సబ్జెక్టు ఇస్తున్నారేమో కనుక్కోండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితురాలిని. ఎనిమిదో తరగతిలో నలభై ఇద్దరు. వార్షికోత్సవమంటే సినిమా పాట రికార్డు పెట్టి గంతులేయించడమే అయిపోయింది. నాటకం వేయిద్దామంటే, ‘చదువుకునే పిల్లలకు నాటకాలెందుకు’ అంటున్నారు మా ప్రధానోపాధ్యాయులు. డబ్బు లేదు, సంగీతం తెలిసినవారూ లేరు.
– ఒక ఉపాధ్యాయిని, సిద్దిపేట

జవాబు: అమ్మా, మీ ప్రధానోపాధ్యాయులకు వినయంగా ఒకటి చెప్పండి. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తాను రాసిన ‘వ్యవహార ధర్మబోధిని’ని ఆడించింది తన విద్యార్థులతోనే. కోర్టు వ్యవహారాల మీద వాడుక మాటల్లో రాసిన నాటకం అది. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన మొదలైందే అక్కడ. పంతులుగారు పుట్టిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

డబ్బు లేదంటున్నారు కాబట్టి బుర్రకథ చెప్పించండి. తెర అక్కర్లేదు, ముగ్గురు చాలు. తంబురాతో కథకుడు, గుమ్మెట డోళ్లతో ఇద్దరు వంతలు. ఒక వంత హాస్యం చూసుకుంటే ఇంకొకరు రాజకీయం, అంటే ఈనాటి సంగతులు. ఈ కళకు 1986లో షేక్ నాజర్‌గారి ద్వారా పద్మశ్రీ కూడా వచ్చింది. కథను ఏడు భాగాలు చేయండి. ఒక్కో భాగానికి ముగ్గురు చొప్పున ఇరవై ఒక్కమంది. మిగిలిన ఇరవై ఒక్కమంది వెనక నిలబడి ‘తందాన తాన’ అందుకుంటారు. మూలన కూర్చుని నోరు విప్పని పిల్ల కూడా గుంపులో ఆ మాట గట్టిగానే అంటుంది.

కథ మీ ఊరి చెరువుదే కావచ్చు. ముసలివాళ్లను అడిగి పిల్లలే రాసుకొస్తారు, మీరు గణాలు లెక్కపెట్టకండి. గుమ్మెటలు కొనక్కర్లేదు. ఒకప్పుడు కథ చెప్పినవాళ్ల ఇళ్లలో అడగండి, ఏ అటక మీదో ఒకటి దొరక్కపోదు. చర్మం వదులుగా ఉంటే ప్రదర్శన రోజు కాసేపు ఎండలో పెట్టండి.