కాలువ చివరి ఊరి రైతులు ఇరిగేషన్ వాళ్లతో ఏం రాయించుకోవాలి?

మీరు అడిగింది: "మాది నెల్లూరు జిల్లాలో కాలువ చివరి ఊరు. నీళ్లు ఇస్తామంటారు, తీరా పైరు పొట్ట మీదికొచ్చేసరికి అందవు. అధికారుల చేత ఏదైనా రాతపూర్వకంగా ఒప్పించుకోగలమా?"

ఒప్పించుకోవచ్చు. మాదీ సోమశిల ప్రాజెక్టు కింద చివరి ఆయకట్టే. అయితే 'ఒప్పందం' అని కాగితం తీసుకెళ్తే ఏ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారూ సంతకం పెట్టరు. నీటి సంఘం, రైతులు, ఇరిగేషన్ వాళ్లు కూర్చున్న సమావేశం మినిట్స్‌గా (అక్కడ అనుకున్న మాటల రికార్డుగా) రాయించండి, దానికి పెద్దగా అభ్యంతరం ఉండదు. 1997లో వచ్చిన సాగునీటి సంఘాల చట్టం ప్రకారం సీజన్‌కు వంతుల పట్టిక వేసి అమలు చేయడం నీటి సంఘం బాధ్యతే. అంటే మీరు లేని హక్కేమీ అడగడం లేదు.

"చివరి ఎకరం దాకా నీళ్లివ్వాలి" అని మాత్రం రాయకండి. ఇచ్చామని వాళ్లంటారు, రాలేదని మనమంటాం, ఎప్పటికీ తేలదు. ఫలానా తూము దగ్గర ఇంత మట్టం, వారంలో ఇన్ని రోజులు అని రాయించండి. ఒక క్యూసెక్కు (సెకనుకు ఒక ఘనపుటడుగు నీళ్లు) 24 గంటలు పారితే 1 ఎకరంలో సుమారు 2 అడుగుల నీళ్లు నిలుస్తాయి, అంటే 12 ఎకరాలకు 2 అంగుళాల చొప్పున. దారిలో ఇంకిపోయేది వేరే. మీ తూము కింది ఎకరాలను బట్టి ఎంత అడగాలో మీరే లెక్కేసుకోవచ్చు. మేము డ్రాపు (కాలువలో నీళ్లు మెట్టులా కిందికి దూకే చోటు) గోడ మీద ఎర్ర పెయింటుతో గీత గీయించాం. నీళ్లు గీత దాటాయా లేదా అన్నది లష్కరుకీ (కాలువ చూసుకునే మనిషికీ) మాకూ ఒకేలా కనబడుతుంది. పొద్దున్నే ఎవరో ఒకరు ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు, ఏఈ గారూ ఆ గ్రూపులో ఉంటారు.

పైనుంచి ఎంత వదులుతారన్నది ఆయన చేతిలో ఉండదు, అది నిజమే. అందుకే ఆయన చేయగలిగింది అడిగాం: నీళ్లు తగ్గించేటప్పుడు ముందురోజే చెప్పాలి, ఫిర్యాదు చేస్తే మర్నాటికల్లా మనిషి వచ్చి చూడాలి. నా వరకు మొదటిదే పెద్ద మేలు. రేపు తగ్గుతాయని తెలిస్తే రాత్రికే కయ్య (మడి) నింపుకుంటాం, యూరియా చల్లడం ఆపుకుంటాం. తెలియక చల్లేస్తే డబ్బూ పోతుంది, పైరూ దెబ్బతింటుంది.

అసలు కష్టమైన బేరం అధికారులతో కాదు, మన పై ఊళ్లతోనే. కాలువలో మోటార్లు తీయమంటే వాళ్లకు కోపం వచ్చింది. కూర్చొని మాట్లాడితే వాళ్ల బాధా తెలిసింది. మనం ఆలస్యంగా నాట్లు వేస్తాం కాబట్టి, వాళ్ల వరి కోతకొచ్చినా కాలువ పారుతూనే ఉంటుంది. కయ్యలు ఆరవు, కోత మిషన్ దిగబడుతుంది. అందుకే నారుమళ్లకు మొదట చివరి ఊళ్లకే నీళ్లిచ్చి అక్కడినుంచి పైకి రావాలని అనుకున్నాం. అందరి నాట్లూ దగ్గర దగ్గరగా పడితే కాలువ కట్టేసే తేదీ మీద గొడవ ఉండదు. ఆ మాట కుదిరాకే మోటార్లు కదిలాయి. మా వంతుగా పిల్ల కాలువల్లో గుర్రపుడెక్క తీసుకుంటామని, నీటి తీరువా బకాయిలు కడతామని మేమూ రాసిచ్చాం. మనం ఇచ్చే మాట కాగితం మీద లేకపోతే అవతలివాళ్లు మన మాట వినరు.

నష్టపరిహారం గురించి మాత్రం ఎంత అడిగినా రాయలేదు. దానికోసం పట్టుబడితే మిగతావీ ఆగిపోయేలా ఉన్నాయని వదిలేశాం. మాట తప్పితే ఆ మినిట్స్ కాపీ, ఫోటోలు జతచేసి కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి, రసీదు తీసుకోండి.

ఈ మాటలన్నీ సాగునీటి సలహా మండలి సమావేశానికి ముందే ముగించుకోండి. ఎన్ని ఎకరాలకు నీళ్లన్నది అక్కడే తేలుతుంది. ఆ తర్వాత వెళ్తే ఏఈ గారు మార్చగలిగేది చాలా తక్కువ. ఎడగారు (రెండో పంట) కోసమైతే మొదటి పంట కోతల్లో ఉండగానే కదలండి.