హెచ్ఎంటీ జనతా వాచీ ఉన్నట్టుండి ముందుకు పోతుంటే

నిన్నటిదాకా సరిగ్గా నడిచిన మీ నాన్నగారి హెచ్ఎంటీ జనతా ఇప్పుడు రోజుకు 20 నిమిషాలు ముందుకు పోతోందన్నారు కదా. టెన్షన్ పడకండి, తొందరపడి వాచీ లోపలి మిషన్ మార్పించకండి. లోపలి భాగాలకు అయస్కాంత గుణం పట్టినట్టుంది. రాత్రిళ్లు స్పీకర్ పక్కనో, మ్యాగ్నెట్ ఉన్న ఫోన్ కవర్ మీదో పెడుతున్నారేమో చూడండి. లోపల వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటే స్ప్రింగ్ పొడవు తగ్గినట్టే, దాంతో టైమ్ నడిపే బ్యాలెన్స్ చక్రం గబగబా ఊగి వాచీ ముందుకు పోతుంది. పాత వాచీలు బాగుచేసేవాళ్ల దగ్గర ఆ అయస్కాంత గుణాన్ని తీసేసే డీమ్యాగ్నటైజర్ ఉంటుంది, మీ కళ్లముందే నిమిషంలో అయిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే ఆ చుట్లకు నూనె అంటిందేమో చూసి సర్వీసింగ్ చేయమనండి. పనిలో పనిగా డయల్‌కి కొత్త పెయింట్ వేస్తామంటారు, అస్సలు ఒప్పుకోకండి. మాసినా సరే, ఒరిజినల్ డయల్‌కే విలువ.