అడవిలో మేత ఎంత? ఏనుగులు ఎన్ని?

ప్రశ్న: ఏనుగు రోజుకు 150 కిలోల మేత తింటుందంటారు. కౌండిన్య అడవిలో ఉన్న మేతను ఆ లెక్కన భాగిస్తే అక్కడ ఎన్ని ఏనుగులు బతకగలవో తేలిపోదా?
– ఒక పాఠకుడు, పలమనేరు

జవాబు: తేలదు. ఆ 150 కిలోలు పచ్చి బరువు, అందులో నూటికి 70 పాళ్లు నీరే. ఎండబెడితే మిగిలేది 45 కిలోలు. ఏప్రిల్‌లో ఎండుగడ్డిని కూడా 150 చొప్పున కడితే ఏనుగు చేత మూడింతలు తినిపించినట్టే. కాబట్టి లెక్కంతా ఎండు బరువులో చేయండి. చదరపు మీటరు చట్రం వేసి, లోపలి గడ్డి కోసి, 65 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి తూచాలి. వెదురు, చెట్ల బెరడు ఈ చట్రంలో పడవు, వాటికి పెద్ద ప్లాట్లు వేయాలి.

చదరపు మీటరుకు 200 గ్రాములు వచ్చిందనుకుందాం. హెక్టారుకు 2 టన్నులు. అందులో పావు వంతు ఏనుగు కడుపులోకి పోతుందనుకుంటే 500 కిలోలు. ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులకు ఒక ఏనుగుకు 5,400 కిలోలు, అంటే 11 హెక్టార్లు కావాలి. వెయ్యి హెక్టార్లకు దాదాపు 90 ఏనుగులు! చాలామంది ఇక్కడే కాగితం మడిచేస్తారు. మే నెలలో నీళ్లున్న కుంటల చుట్టూ మేసి రాగలిగేది అందులో ఐదో వంతే అయితే 90 కాస్తా 18 అవుతుంది. అందులో సగాన్ని ఏనుగులు మేయని లాంటానా కలుపు పొదలు కమ్మేస్తే 9. మందల పశువులు మేసేది ఇంకా తీసేయలేదు.

కెన్యాలోని త్సావోలో 1970–71 కరువులో వేల ఏనుగులు చనిపోయాయి. గలానా నదిలో నీళ్లున్నాయి, నది దగ్గరి మేతే అయిపోయింది. గున్నలున్న తల్లులు నీటిని వదిలి దూరం పోలేవు, అందుకే ఎక్కువగా చచ్చినవి అవే. ఏడాది సగటు మేత తీసుకుంటే ఈ దెబ్బ కనబడదు. లెక్క నెలవారీగా ఉండాలి.

ప్రశ్న: మేత పెరిగితే సంఖ్య వెంటనే పెరుగుతుందా?

జవాబు: లేదు. చూడి కాలమే 22 నెలలు, ఈతకీ ఈతకీ మధ్య 4–5 ఏళ్లు. అన్నీ కలిసొచ్చినా ఏడాదికి 7 శాతం మించి పెరగడం కష్టం. మేత తగ్గినప్పుడు మాత్రం ముందు గున్నలు పోతాయి, తొలి ఈత ఆలస్యమవుతుంది, ఈతల మధ్య ఎడం పెరుగుతుంది. త్సావో లాంటి తీవ్ర కరువు వస్తే తప్ప, పెద్ద ఆడ ఏనుగులు చివరికి గానీ చావవు. అందుకే మందను వయసులవారీగా విడదీసి, ఆడవాటిని వేరుగా లెక్కించాలి.

కౌండిన్య చుట్టూ ఇంకో చిక్కుంది. రాగి, చెరకు, అరటి చేలు కూడా ఏనుగులకు మేతే. వాటిని వదిలేస్తే మీ లెక్క 9 చూపుతుంది, మంద అంతకు మించి ఉంటుంది. కరెంటు తీగ తగిలి చనిపోయినవాటిని మేత కొరత మరణాల్లో కలపకండి, వేరే గడిలో రాయండి.