బంటీ తిండికి ఫ్రీజర్, ఫ్రీజర్‌కి ఈఎంఐ

ప్రశ్న: మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 38,000. ఇంటి ఖర్చు 30,000 దాకా అవుతుంది. మా లాబ్రడార్ బంటీ 30 కిలోలు ఉంటాడు. డ్రై ఫుడ్ కిలో 320 పడుతోంది. విశాఖ నుంచి ఒక కంపెనీ ఫ్రెష్ ఫుడ్ కిలో 300కే పంపుతానంటోంది. కాకపోతే ఒకేసారి నెలకు సరిపడా తీసుకోవాలి. అందుకని 24,000 ఫ్రీజర్‌ని 12 నెలల ఈఎంఐలో తీసుకుందామని 1,000 అడ్వాన్స్ ఇచ్చాను. జూన్ నుంచి ట్యూషన్ల మీద నెలకి 7,500 వస్తాయి. బ్యాంకులో 11,000 ఉంది. నిరుడు బంటీకి పిడుదుల జ్వరం వస్తే 14,000 క్రెడిట్ కార్డు మీద పెట్టాను, పది నెలలుగా నెలకి 700 కడుతున్నాను, స్టేట్‌మెంట్‌లో బాకీ ఇంకా 12,530 చూపిస్తోంది. ఫ్రెష్ ఫుడ్ చందా కూడా ఆ కార్డు మీదే ఆటో పే పెడదామనుకుంటున్నాను. ఫ్రెష్ ఫుడ్‌కి మారమంటారా?

జవాబు: వద్దు. మీరు అడిగింది కుక్క తిండి గురించే అయినా, ఉత్తరంలో నాకు భయం పుట్టించింది ఆ కార్డు బాకీ. అక్కడికి వస్తాను. ముందు కిలోల సంగతి.

డ్రై ఫుడ్‌లో (ఏ కంపెనీదైనా మన ఊళ్ళలో పెడిగ్రీ అనే అంటాం లెండి) నీరు పదో వంతు ఉంటుంది. ఫ్రెష్ ఫుడ్‌లో దాదాపు 70 శాతం నీరే. బంటీ అంత కుక్కకి రోజుకి సుమారు 1,400 కేలరీలు కావాలి. పొడి తిండి అయితే 400 గ్రాములు చాలు, ఫ్రెష్ అయితే కిలో వెయ్యాలి. అంటే నెలకి 3,840 ఎక్కడ, 9,000 ఎక్కడ! కిలోకి 20 రూపాయలు తగ్గిందని మురిసిపోయారు గానీ, నెలకి 5,160 పెరిగింది. దానికి ఫ్రీజర్ కిస్తీ 2,000 పైచిలుకు కలపండి. ట్యూషన్ డబ్బులు చేతికి రాకముందే అయిపోయాయి.

ఇక కార్డు. 700 చొప్పున పది నెలలు కట్టానన్నారు, అంటే 7,000. బాకీ ఇంకా 12,530 ఉందని స్టేట్‌మెంట్‌లో మీరే చూపించారు. తగ్గింది 1,500 కూడా లేదు. నెలకి మూడున్నర శాతం వడ్డీ, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ తినేస్తుంటే ఇంకేం తగ్గుతుంది? పైగా ఫ్రెష్ ఫుడ్ చందా కూడా ఆ కార్డు మీదే ఆటో పే పెడతారట! పాత బాకీ ఉన్న కార్డుతో కొత్తగా ఏం కొన్నా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలు. కుక్క తిన్న అన్నానికి వడ్డీ కట్టడం ఏమిటండీ?

ఈ తప్పు మీరొక్కరే చేయడం లేదు. జబ్బుకి కార్డు గీకడం, అది తీరకముందే ఇంకో కిస్తీ ఎత్తుకోవడం నాకు వచ్చే ఉత్తరాల్లో మామూలైపోయింది. అవసరానికి విడిగా దాచిన డబ్బు లేకపోవడమే దీనికంతటికీ మూలం. గజపతి జిల్లాలో ఉండేవాళ్ళకి ఇది నేను చెప్పాలా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా అక్కగారు మీ ఊళ్ళోనే ఉన్నారు. కరెంటు లేదు. ఫ్రిజ్‌లో ఉన్న మాంసం మూడోరోజు పెరట్లో గొయ్యి తీసి పూడ్చారు. మీరేమో 30 కిలోల కుక్క తిండి నిల్వ పెడతానంటున్నారు.

జూన్, జూలై రెండు నెలలూ ట్యూషన్ డబ్బు, ఇప్పుడు కడుతున్న 700 కలిపి కార్డుకే కట్టండి. జూలైతో బాకీ తీరి 3,000 పైన మిగులుతుంది. ఆగస్టు, సెప్టెంబరుల్లో అదే 8,200 వేరే ఖాతాలో వేయండి. ఉన్న 11,000, జూలైలో మిగిలిన ఆ 3,000 కలిపి సెప్టెంబరు ఆఖరికి 30,000 దాటుతుంది, ఒక నెల ఇంటి ఖర్చు. తుఫాన్ల నెల రాకముందే ఆ మాత్రం ఉండాలి. తర్వాత ఆరు నెలల ఖర్చు, అంటే 1,80,000 అయ్యేదాకా ఆపొద్దు. ఆ 11,000 ఇప్పుడే కార్డుకి కట్టేస్తే వడ్డీ కలిసొస్తుంది కదా అంటారు. లెక్క ప్రకారం నిజమే. కానీ రేపు బంటీకి మళ్ళీ జ్వరం వస్తే మళ్ళీ ఆ కార్డే బయటికి తీస్తారు, అందుకే కదపొద్దంటున్నాను.



బంటీ డ్రై ఫుడ్ మీదే ఉండనివ్వండి. సంచి మూతి బిగించి పెట్టండి, వానాకాలంలో నూనె కంపు కొడుతుంది. తాజాది పెట్టాలని మనసు పీకితే ఇంట్లోనే కోడిమాంసం, అన్నం ఉడికించి అప్పుడప్పుడు కొంచెం కలపండి. ఉల్లి, వెల్లుల్లి వేయొద్దు, ఉడికిన ఎముకలు పెట్టొద్దు. పూర్తిగా ఇంటి తిండికే మారితే కాల్షియం చాలదు, పశువైద్యుణ్ణి అడక్కుండా ఆ పని చేయకండి.

ఫ్రీజర్ అడ్వాన్స్ ఈ రోజే వెనక్కి అడగండి. ఇవ్వనంటే ఆ వెయ్యి వదిలేసి వచ్చేయండి.