బట్ట ఒక్కటే చూసి బ్యాగ్ కొనకు

అమ్మలూ,

రెస్క్యూ శిక్షణకీ కొండల్లో తిరగడానికీ వీపున వేసుకునే బ్యాగు కొనాలని నువ్వు పంపిన మూడు బ్యాగుల ఫోటోలూ చూశాను. ఏది ఎక్కువ కాలం మన్నుతుంది మామయ్యా అని అడిగావు, కానీ ఫోటోలన్నీ ముందు నుంచి తీసినవే. వీపు వైపు ఎలా ఉందో తెలియదు, అడుగున కుట్టు ఎలా వేశారో తెలియదు, భుజం పట్టీ బ్యాగుకి కలిసే చోటు ఒక్క దాంట్లోనూ కనబడలేదు. బరువు బ్యాగు పాడయ్యేది ముందుగా అక్కడే. ముందు వైపు జేబులు ఎంత అందంగా ఉన్నా అవి మోసేదేమీ లేదు.

నువ్వు వెయ్యి డెనియర్ బట్ట గురించి చాలా రాశావు కాబట్టి దాని సంగతి ముందు చెప్పేస్తాను. తొమ్మిది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు, అంతే. అంటే అది దారం ఎంత లావో చెబుతుంది గానీ ఆ దారం దేనితో చేశారో, నేత ఎంత గట్టిదో, లోపల పూత ఎలాంటిదో చెప్పదు. 600 డెనియర్ పాలిస్టర్ కంటే 500 డెనియర్ మంచి నైలాన్ రాపిడికి ఎక్కువ కాలం ఆగుతుంది, అంకె చిన్నదైనా సరే. కార్డురా అనే బ్రాండు పేరు రాసి ఉంటే చాలావరకు గట్టి నైలాన్ అనుకోవచ్చు, కానీ ఆ పేరుతో పాలిస్టర్ కలిసిన బట్టలు కూడా వస్తాయి కాబట్టి లోపలి లేబుల్ మీద ఏ పీచు అని రాశారో చదువు. పాలిస్టర్‌కి ఉన్న మంచి గుణం ఎండకి తట్టుకోవడం, తడిసినప్పుడు నైలాన్ అంత సాగకపోవడం. నా లెక్కలో, అడుగున 500 డెనియర్ నైలాన్, మిగతా ఒంటికి 210 నుంచి 420 దాకా ఉంటే కొండల్లో తిరిగే మనిషికి సరిపోతుంది. బ్యాగంతా వెయ్యి డెనియర్ అంటే రాళ్ళ మీద ఈడ్చే వాళ్ళకీ, బండి మీంచి కిందికి విసిరే వాళ్ళకీ పనికొస్తుంది, నీకు మాత్రం రోజంతా మోయాల్సిన అదనపు బరువు.

ఇప్పుడు కుట్టు. నువ్వు కొట్టుకి వెళ్ళగానే బ్యాగు ఖాళీ చేసి లోపలి వైపు బయటికి తిప్పి చూడు, ఎవరేమనుకున్నా సరే. బట్ట అంచులు పోగులు తేలకుండా పట్టీతో మూసి కుట్టారా, లేక కత్తిరించిన అంచు అలాగే వదిలేశారా? వదిలేస్తే కొన్నాళ్ళకి ఆ పోగులు ఊడుతూ ఊడుతూ కుట్టు దాకా వస్తాయి, అప్పుడు కుట్టు పట్టుకోవడానికి బట్ట ఉండదు. భుజం పట్టీ పై కొస, కింది కొస, నడుం బెల్టు మొదలు, పైన చేత్తో ఎత్తే పిడి, ఈ చోట్లలో దారం ముందుకీ వెనక్కీ దట్టంగా వేసిన బార్‌ట్యాక్ కుట్టు గానీ, చతురస్రం లోపల ఇంటూ గుర్తు వేసిన కుట్టు గానీ ఉండాలి. పట్టీ కొస రెండు బట్టల మధ్యలో లోపలి దాకా దూరి ఉందో, పైపైన అతికించి కుట్టారో వేళ్ళతో తడిమితే తెలిసిపోతుంది. కుట్లు మరీ దగ్గరగా ఉంటే గట్టిది అనుకోకు, తపాలా బిళ్ళల మధ్య చిల్లుల్లాగా సూది రంధ్రాలే బట్టని చింపేస్తాయి. పిడి పట్టుకుని బ్యాగుని ఒక్కసారి గట్టిగా కుదుపు, ఆ కుట్టు దగ్గర బట్ట విచ్చుకుని సూది రంధ్రాలు కనిపిస్తే అక్కడే వదిలేసి వచ్చెయ్.

జిప్ విషయంలో కంపెనీ పేరు ఒక్కటే చూస్తారు చాలామంది. వైకేకే మంచిదే, 1934 నుంచి జపాన్ వాళ్ళు నడుపుతున్న కంపెనీ, కానీ దానిలోనూ సన్నవీ లావువీ ఉంటాయి. జిప్ మూయడానికి లాగే ముక్క, అదే స్లైడర్, దాని వెనక చూస్తే తరచుగా ఒక అంకె ఉంటుంది, 5, 8, 10 అని. మూసిన పళ్ళ వెడల్పు ఉజ్జాయింపుగా అన్ని మిల్లీమీటర్లు. పెద్ద అరకి 8 గానీ 10 గానీ ఉండాలి, చిన్న జేబులకి 5 చాలు. చుట్టల్లా ఉండే కాయిల్ జిప్ తీసుకో, అది మధ్యలో విచ్చుకున్నా స్లైడర్‌ని వెనక్కి లాగి మళ్ళీ ముందుకి లాగితే సర్దుకుంటుంది. విడి పళ్ళ జిప్‌లో ఒక పన్ను ఊడితే దాని పని అయిపోయినట్టే. ఇసుకా దుమ్మూ వల్ల ముందు అరిగేది స్లైడరే, దాన్ని మాత్రం మార్చుకుంటే జిప్ మళ్ళీ పనిచేస్తుంది, ఈ సంగతి తెలియక మంచి బ్యాగులు పారేసే వాళ్ళున్నారు. నన్నడిగితే పెద్ద అర పైనుంచి తాడుతో బిగించి మూత వేసేదిగా ఉండటమే మేలు. కుక్కి నింపినప్పుడు ఆ ఒత్తిడంతా జిప్ మీద పడకుండా ఉంటుంది.

బకిళ్ళ గురించి ఎక్కువ చెప్పను, నడుం బెల్టు బకిల్ ఒక్కటి బాగా చూడు. దాన్ని కుట్టు విప్పకుండా మార్చుకునే వీలుండాలి. ఒక విడి బకిల్ ఎప్పుడూ మూత జేబులో పడేసుకో. అది గ్రాముల్లో తూగుతుంది, అది లేనప్పుడు బరువు మొత్తం భుజాల మీదకి వస్తుంది.

భుజాల మాట వచ్చింది కాబట్టి, అమ్మలూ, ఇది మాత్రం శ్రద్ధగా చదువు. బ్యాగు ఎన్నేళ్ళు మన్నుతుందని అడిగావు గానీ నీ వీపుకి సరిపోతుందా అని అడగలేదు. సరిపోని బ్యాగు ఇరవై ఏళ్ళు మన్నితే ఇరవై ఏళ్ళు బాధే. తల వంచితే మెడ అడుగున ఒక ఎముక పొడుచుకొస్తుంది, అక్కడ ఒక గుర్తు. రెండు చేతులూ నడుం ఎముకల మీద పెట్టి బొటనవేళ్ళు వెనక్కి చాపితే అవి వెన్ను మీద కలిసే చోటు రెండో గుర్తు. ఈ రెంటి మధ్య దూరం మీ అమ్మ చేత టేపుతో కొలిపించుకో, వీపు వంపు వెంబడే. అది నీ కొలత. బ్యాగు సైజు దాన్ని బట్టి ఎంచుకోవాలి, నీ ఎత్తుని బట్టి కాదు. పొడుగ్గా ఉండి వీపు పొట్టిగా ఉన్న వాళ్ళు బోలెడు మంది. నడుం బెల్టు పొట్ట మీద కాదు, నడుం ఎముక పై అంచుని పట్టుకుని ఉండాలి, బరువులో ఎక్కువ భాగం అక్కడే దిగాలి. ఆడవాళ్ళ కోసం చేసిన వాటిలో పట్టీల వంపు, బెల్టు వాలు వేరుగా ఉంటాయి, అవి కూడా వేసుకుని చూడు. పనికొచ్చేవి ఏవో నీ ఒంటికే తెలుస్తుంది.

ఇదంతా సుఖం కోసం చెబుతున్నది మాత్రమే కాదు. బ్యాగుని వీపు వెంట నిలబెట్టే ఫ్రేమూ, నడుం బెల్టూ లేకుండా పెద్ద బరువు గంటల తరబడి మోసిన సైనికుల్లో భుజం దగ్గరి నరాలు నొక్కుకుపోయి చెయ్యి తిమ్మిరెక్కడం, బలం తగ్గిపోవడం డాక్టర్లు చాలాకాలంగా చూస్తున్నారు, దాన్ని రక్‌సాక్ పాల్సీ అంటారు. నడుస్తుండగా వేళ్ళు తిమ్మిరెక్కితే ఓర్చుకోకు, ఆగి పట్టీలు వదులు చేసి బెల్టు బిగించు. రెస్క్యూ శిక్షణలో అందరి ముందూ ఆగడానికి మొహమాటపడతావేమో, పడకు.

నీ మొదటి ఫోటోలోని బ్యాగు, ఒళ్ళంతా అడ్డపట్టీలు ఉన్నది, టాక్టికల్ రకం, అంటే సైన్యం తరహాది. ఆ అడ్డపట్టీల పద్ధతి అమెరికా సైన్యం 1997లో తెచ్చిన మోలీ సామగ్రితో వచ్చింది. అంగుళం పట్టీ, అంగుళం ఖాళీ, ఒకటిన్నర అంగుళానికి ఒక కుట్టు, ఎవరు చేసిన పౌచ్ అయినా దానికి తగిలించుకోవచ్చు. ఫస్ట్ ఎయిడ్ పౌచ్ చేతికందే చోట ఉండాల్సిన నీ పనికి అది నిజంగా మేలే. కాకపోతే ఆ సౌకర్యం రెండు పక్కలా ఒక్కో వరసా, నడుం బెల్టు మీదా ఉంటే చాలు. వెనకంతా పౌచ్‌లు వేలాడదీస్తే బరువు వీపుకి దూరంగా జరిగి నిన్ను వెనక్కి లాగుతుంది, పొదల్లో ప్రతి కొమ్మకీ తగులుకుంటుంది. ఆ రకంలో అరవై లీటర్లవి ఖాళీగానే మూడు కిలోలు దాటేవి చాలా ఉన్నాయి, మంచి ట్రెకింగ్ బ్యాగులు రెండు కిలోల చుట్టుపక్కల దొరుకుతాయి. ఆ తేడాలో లీటరు నీళ్ళు మోసుకోవచ్చు.

మచ్చల మచ్చల మిలిటరీ రంగు మాత్రం వద్దు. బార్బడోస్, జమైకా లాంటి దేశాల్లో మామూలు జనం ఆ డిజైన్ వాడటమే నేరం, మిగతా చోట్ల కూడా తనిఖీల దగ్గర అనవసరమైన ప్రశ్నలు. బూడిద రంగో మట్టి రంగో తీసుకుని, పైన వేసుకోవడానికి ముదురు నారింజ రంగు కవర్ ఒకటి పెట్టుకో, వెతికే వాళ్ళకి నువ్వు కనబడాలి కదా. వాన కోసం మాత్రం ఆ కవర్ని నమ్ముకోకు, గాలికి ఎగిరిపోతుంది, వీపు వైపు నుంచి నీళ్ళు ఎలాగూ దిగుతాయి. లోపల మందపాటి ప్లాస్టిక్ లైనర్ వేసి దానిలో సామాను సర్దుకుని మూతి మెలితిప్పు.

సైజు సంగతి. ముందు బ్యాగు కొని తర్వాత సామాను కొనే వాళ్ళు బ్యాగు నిండే దాకా సామాను పెడుతూనే ఉంటారు. నువ్వు తిరగేసి చెయ్యి. టెంటు, స్లీపింగ్ బ్యాగు, బట్టలు, వంట సామాను, తాడు, మందులు అన్నీ నేల మీద పేర్చి తూకం వెయ్యి. రెండు మూడు రాత్రులకి 45 నుంచి 55 లీటర్లు, నాలుగైదు రాత్రులకి 60 నుంచి 70 లీటర్లు మామూలుగా సరిపోతాయి. నీళ్ళూ తిండీ బ్యాగు అన్నీ కలిపి నీ బరువులో అయిదో వంతు దాటకుండా చూసుకో, శిక్షణలో కొన్నిసార్లు దాటక తప్పదు, అందుకే ఫ్రేము ఉన్నదే కావాలి. అందుకే మూడో ఫోటోలోని పల్చటి బ్యాగు నీకు వద్దంటున్నాను. చేతికి దూదిలా ఉంటుంది, కానీ ఫ్రేము లేదు, తాడూ ఇనప సామానూ వేస్తే కుంగిపోతుంది.

నా ఓటు రెండో ఫోటోలోని బ్యాగుకి, పైన చెప్పిన కుట్లు చూశాకే. వారంటీ కాగితం కూడా చదువు. జీవితకాలం అని రాసిన చాలామంది అరుగుదలకి బాధ్యత లేదని కింద చిన్న అక్షరాల్లో రాస్తారు, రిపేరు చేసిచ్చే వాళ్ళు మేలు. కొన్నాక వాషింగ్ మెషిన్లో వెయ్యకు, చల్లని నీళ్ళూ తేలికపాటి సబ్బూ చాలు, నీడలో ఆరబెట్టు. తడిగా మూటకట్టి అటక మీద పడేస్తే నీళ్ళు దిగకుండా లోపల వేసే పాలీయురేథేన్ పూత జిగురెక్కి పొరలు పొరలుగా ఊడుతుంది, ఆ పుల్లటి వాసన ఒకసారి పట్టిందంటే పూత పోయినట్టే.

కొట్టులో పన్నెండు కిలోలు వేయించుకుని అరగంట తిరుగు, మెట్లెక్కి దిగు. ముందు బెల్టు, తర్వాత భుజం పట్టీలు, తర్వాత భుజం పైనుంచి బ్యాగు నెత్తికి వెళ్ళే చిన్న పట్టీలు, చివర ఛాతీ పట్టీ, ఈ వరసలోనే బిగించు. ఆ పై పట్టీలు ఇంచుమించు 45 డిగ్రీల వాలులో ఉండాలి. అలా వేసుకుని పక్క నుంచి ఒక ఫోటో, వీపు వైపు కుట్ల ఫోటో ఒకటి పంపు. అవి చూసి చెప్పేదాకా ట్యాగులు కత్తిరించకు.

మీ మామయ్య