పబ్ పైన గదిలో ఫ్యామిలీతో ఉండొచ్చా? యూకేకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం

"అక్కా, వీకెండ్‌కి యార్క్ వెళ్దామనుకుంటున్నాం, హోటల్ రేట్లు మండిపోతున్నాయి, ఊరి మధ్యలో ఒక పబ్ పైన గదులు కనిపిస్తున్నాయి, ఫొటోలు చాలా బావున్నాయి గానీ పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్ళి పబ్‌లో పడుకోవడమేంటని మా ఆయన ఒప్పుకోవట్లేదు." కొత్తగా వచ్చిన అమ్మాయిలు నన్ను తరచూ అడిగే సందేహం ఇది. తీసుకోండమ్మా, హాయిగా తీసుకోండి. కాకపోతే ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసే ముందు ఆ పబ్‌కే నేరుగా ఒక ఫోన్ చెయ్యండి.

మీ ఆయన భయం నాకు అర్థమవుతుంది. జూబ్లీహిల్స్‌లో పబ్ అంటే డీజే, గుమ్మం దగ్గర బౌన్సర్లు, అర్ధరాత్రి గోల. ఇక్కడ మధ్యాహ్నం పూట లోపలికెళ్ళి చూడండి, ఒక పెద్దాయన కుక్కని కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకుని పేపర్ చదువుతుంటాడు, పక్క టేబుల్ దగ్గర ప్రామ్‌లో పసిపిల్ల నిద్రపోతుంటుంది. అసలు వీటిలో పాతవి చాలావరకు గుర్రబ్బగ్గీల కాలంలో ప్రయాణికులకి తిండీ పడకా, గుర్రాలకి మేతా ఇచ్చిన సత్రాలే. లండన్ సదర్క్‌లో జార్జ్ ఇన్ అని ఉంది, 1676లో కాలిపోతే మరుసటి ఏడాదే మళ్ళీ కట్టారు, ఇప్పుడు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది. అక్కడ ఇప్పుడు గదులివ్వరు గానీ ఆ పెరట్లో నిలబడి తలెత్తి చెక్క వరండాలు చూస్తే ఒకప్పుడు జనం ఎలా దిగేవాళ్ళో తెలిసిపోతుంది. ఆ పాత అలవాటునే ఫుల్లర్స్, యంగ్స్ లాంటి పబ్ కంపెనీలు ఇప్పుడు అందంగా ముస్తాబు చేసి బొటీక్ రూమ్స్ అని ఇస్తున్నాయి. యార్క్‌లోనే మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి దగ్గర గై ఫాక్స్ ఇన్ ఉంది, 1605లో పార్లమెంటుని పేల్చబోయి పట్టుబడ్డ గై ఫాక్స్ ది ఆ ఊరే. నవంబర్ 5న దేశమంతా టపాకాయలు పేలితే దీపావళి ఇంత ఘనంగా చేస్తున్నారా అని కొత్తవాళ్ళు మురిసిపోతారు, అవి అతని కుట్ర విఫలమైనందుకు కాల్చేవి.

ఇక ఫోన్‌లో ముందు అడగాల్సింది గది ఎక్కడుందని. బార్‌కి సరిగ్గా పైన అయితే శుక్ర, శని రాత్రుళ్ళు పదకొండు, పన్నెండు దాకా మాటలు, కుర్చీలు లాగిన చప్పుడు వినిపిస్తూనే ఉంటాయి, అందుకని వెనకవైపుది గానీ పైఅంతస్తుది గానీ కావాలని అడగండి. వెనక్కి తీసుకున్నా పొద్దున్నే ఖాళీ సీసాల డబ్బా లారీలోకి ఒంపే చప్పుడు ఉంటుంది, అది ఒక్క నిమిషమే గానీ చంటిపిల్ల ఉలిక్కిపడి లేస్తుంది. తర్వాత లిఫ్ట్. వీటిలో చాలా పాతవి లిస్టెడ్ బిల్డింగులు, అంటే చారిత్రక కట్టడాలుగా జాబితాలో పెట్టినవి, గోడ పగలగొట్టి లిఫ్ట్ పెట్టాలంటే పర్మిషన్ రావడం కష్టం. మెట్లు ఇరుగ్గా, నిటారుగా ఉంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే, అమ్మకి మోకాళ్ళ నొప్పులుంటే, రేటు ఎంత తక్కువైనా వద్దు. పిల్లలకి ఎక్స్‌ట్రా మంచం పడుతుందా, బార్‌లో పిల్లల్ని ఎన్నింటి దాకా ఉండనిస్తారు, బ్రేక్‌ఫాస్ట్ రేటులో కలిసే ఉందా, ఇవీ అడిగెయ్యండి, నేరుగా బుక్ చేస్తే ఏమైనా తగ్గిస్తారా అనీ అడగండి, చాలాచోట్ల తగ్గిస్తారు.

వెళ్ళాక రిసెప్షన్ కోసం వెతక్కండి, చాలాచోట్ల ఉండదు, బార్ దగ్గరికే వెళ్ళి పేరు చెప్తే తాళం ఇస్తారు. రాత్రి బార్ మూసేశాక లోపలికి రావడానికి వేరే తలుపు, కోడ్ ఉంటాయి, అది అప్పుడే అడిగి ఫోన్‌లో రాసుకోండి, బయట చలిలో నిలబడి వెతుక్కోవడం నరకం. పేరు, ఏ దేశస్తులో రాయమంటారు, అది 1972 నాటి రూలు, పదహారేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది, మన మీద అనుమానమేం కాదు. పాస్‌పోర్ట్ మాత్రం దగ్గర పెట్టుకోండి, పాతికేళ్ళలోపు కనిపిస్తే మందు ఆర్డర్ చేసినప్పుడు ఐడీ అడుగుతారు, ఆధార్ కార్డు పనికిరాదు.

గదిలో కెటిల్, టీ బ్యాగులు, బుల్లి పాల డబ్బీలు, రెండు షార్ట్‌బ్రెడ్ బిస్కెట్లు ఉంటాయి. బాత్రూమ్‌లో మగ్గు ఉండదు, పట్టుకెళ్ళండి. దయచేసి రైస్ కుక్కర్ పట్టుకెళ్ళకండి, పొద్దున్నే దేవుడికని అగరొత్తి కూడా వెలిగించకండి, పాత చెక్క కట్టడం కదా, కాస్త పొగకే అలారం మోగి కింద ఉన్నవాళ్ళందరూ రోడ్డు మీదకి రావాల్సొస్తుంది. దణ్ణం పెట్టుకుంటే దేవుడు చాలనుకుంటాడు.

కింద కూర్చుంటే ఎవరూ వచ్చి ఆర్డర్ తీసుకోరు చాలాచోట్ల. టేబుల్ నంబర్ చూసుకుని బార్ దగ్గరికెళ్ళి చెప్పి, అక్కడే డబ్బు కట్టాలి. క్యూ కనిపించదు గానీ ఎవరు ముందొచ్చారో బార్‌లో ఉన్నవాళ్ళకి గుర్తుంటుంది, చెయ్యి ఊపకండి, నోటు చూపించకండి, మీ వంతు వస్తుంది. మందు తాగనివాళ్ళు లైమ్ అండ్ సోడా తీసుకోండి, ఎందుకు తాగట్లేదని ఎవరూ అడగరు. కుళాయి మంచినీళ్ళు అడిగితే ఊరికే ఇవ్వాలి, ఇంగ్లండ్‌లో లైసెన్స్ షరతే అది. శాకాహారులు చిప్స్ కూడా అడిగే తినండి, చేప వేయించిన నూనెలోనే వేయిస్తారు కొన్నిచోట్ల. ఆదివారం రోస్ట్, అంటే కాల్చిన మాంసం భోజనంతో ఇచ్చే యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు ఉంటుంది, ఒక్కోసారి పశువు కొవ్వులో కాలుస్తారు. బ్రేక్‌ఫాస్ట్ ప్లేట్‌లో నల్లగా గుండ్రంగా ఉండే ముక్క బ్లాక్ పుడ్డింగ్, పంది రక్తంతో చేసేది, చూసి ఏదో వడ అనుకుని నోట్లో పెట్టేసుకోవద్దు. వెజిటేరియన్ బ్రేక్‌ఫాస్ట్ అని రాత్రే చెప్పి ఉంచితే పుట్టగొడుగులు, టమాటా, బీన్స్, హాష్ బ్రౌన్‌తో కడుపు నిండా పెడతారు.

ఒక్క విషయం గట్టిగా చెప్తా. మన ఇండియా లైసెన్సు మీద ఇక్కడ స్థిరపడ్డాక మొదటి 12 నెలలు నడపొచ్చు కదా అని కారేసుకెళ్ళి, గది పైనే కదా అని రాత్రి నాలుగు పింట్లు తాగి, తెల్లారి ఏడింటికి స్టీరింగ్ పట్టుకోకండి. పింట్ అంటే 568 మిల్లీలీటర్లు, నాలుగు శాతం బీరైనా అందులో ఆల్కహాల్ రెండు యూనిట్ల (ఇక్కడ ఆల్కహాల్‌ని కొలిచే లెక్క) పైనే, ఒక్కో యూనిట్ దిగడానికి ఇంచుమించు గంట పడుతుంది. నిద్రపోయి లేచినంత మాత్రాన ఒంట్లోంచి పోదు. పట్టుబడితే లైసెన్సు పోవడమే కాదు, ఆ కేసు రేపు వీసా దగ్గరా అడ్డు రావచ్చు. స్కాట్లండ్‌లో 2014 నుంచి డ్రైవింగ్‌కి ఒంట్లో ఉండనిచ్చే ఆల్కహాల్ లిమిట్ ఇంకా తక్కువ. లండన్ నుంచి యార్క్‌కి రైల్లో రెండు గంటలేగా, రైలెక్కండి.

అన్నట్టు, ఫోన్ మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్య చెయ్యండి, లంచ్ హడావుడిలో ఎత్తినా సరిగ్గా మాట్లాడరు.